ఏ పనికి ఏ మాను?

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. 50–60 అడుగుల మాను కొసన ఆసనం కట్టి, అందులో పూజారిని కూర్చోబెట్టి, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. ఆ మాను చింతచెట్టుది. ఏ ఊళ్లో, ఎవరి తోటలో ఉన్న చెట్టు కావాలో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని జనం నమ్మకం. ఏటా ఊరు మారుతుంది, తోట మారుతుంది. చెట్టు జాతి మాత్రం మారదు.

అక్కడి నుంచి గంటన్నర ప్రయాణంలో బొబ్బిలి వస్తుంది. 1757 నాటి బొబ్బిలి యుద్ధం ఈ రెండు ఊళ్లనూ చరిత్రలో ఎదురెదురుగా నిలబెట్టింది. బొబ్బిలి పక్కనే ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వాళ్లు తరతరాలుగా వీణలు చెక్కుతున్నారు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కుండ, దండి అతుకు లేకుండా ఒకే దుంగలోంచి తొలిచిన ఏకాండి వీణ ఇక్కడి ప్రత్యేకత. ఆ దుంగ పనసది. ఇక్కడా చెట్టు మారదు.

చింత బరువుగా, మొండిగా ఉంటుంది. ఉలికి ఒక పట్టాన లొంగదు. మాంసం దుకాణంలో కత్తి దెబ్బలు తినే మొద్దు, రోకలి, నూనె గానుగ చింతతో చేసేది అందుకే. పనస అంత బరువుండదు. ఉలి ఎటు తిప్పితే అటు చక్కగా తెగుతుంది, ఆరాక పెద్దగా వంకర పోదు, తీగ మీటితే పలుకుతుంది. మృదంగం కట్టెకూ పనసనే వాడడం అందుకే. చింత దుంగ తెచ్చి వీణ చెయ్యమని గొల్లపల్లిలో ఎవరూ అడగరు. ముందు పని ఏమిటో తేలుతుంది, దాన్ని బట్టి చెట్టు తేలుతుంది.

మంచమో బీరువానో కొనడానికి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఫర్నిచర్ దుకాణానికి వెళ్లేవాళ్లు మాత్రం చాలావరకు ఒక్కటే ప్రశ్న అడుగుతారు: "టేకేనా?" దుకాణదారు అవునంటే బేరం మొదలవుతుంది. ఆ వస్తువు ఎక్కడ పెడతారు, ఎండ పడుతుందా, తడి తగులుతుందా, ఎంత బరువు మోయాలి, చెక్క ఎన్నాళ్లు ఆరింది, పైన ఏ పూత వేశారు అన్న ప్రశ్నలు మిగిలిపోతాయి. వస్తువు పదేళ్లుంటుందా, మూడు తరాలుంటుందా అన్నది ఆ మిగిలిపోయిన ప్రశ్నల్లోనే ఉంది.

చేవ ఎంత, తెల్లచెక్క ఎంత

దుంగను అడ్డంగా కోస్తే రెండు రంగులు కనిపిస్తాయి. మధ్యలో ముదురు రంగు భాగం చేవ. దాని చుట్టూ, బెరడు కింద ఉండే లేత రంగు భాగాన్ని వాడుకలో తెల్లచెక్క అంటారు. చెట్టు బతికున్నప్పుడు నీరు పైకి ఎక్కేది తెల్లచెక్క గుండానే. అందులో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి పురుగుకు అది ఆహారం. చెట్టు ముదిరేకొద్దీ లోపలి భాగం నీటిని మోయడం మానేసి, నూనెలూ రంగులూ కషాయాలూ నింపుకుని చేవగా మారుతుంది. చెదలకూ బూజుకూ ఎదురు నిలిచేవి ఆ పదార్థాలే.

టేకుకు పేరు తెచ్చింది చేవలో ఉండే నూనె గుణమే. ఇదంతా టేకు చేవ సంగతి. టేకు తెల్లచెక్కకు ఆ బలం లేదు. తోటల్లో పెంచి చిన్న వయసులోనే కొట్టేసిన టేకులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. మంచం పట్టె ఒక పక్క తేనె రంగులో, ఇంకో పక్క పాలిపోయి కనిపిస్తే, ఆ పాలిపోయిన పక్కకే మొదట పుచ్చు పడుతుంది. ముదురు రంగు పూసేశాక ఈ తేడా కంటికి ఆనదు. అందుకే పాలిష్ పట్టకముందే వస్తువును చూడాలి. వీలు కాకపోతే అడుగునో వెనకో రంగు తగలని చోట చూడాలి.

అడితిలో కలపను ఘనపుటడుగుల్లో అమ్ముతారు. లెక్క కష్టం కాదు. వెడల్పునూ మందాన్నీ అంగుళాల్లో, పొడవును అడుగుల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగించాలి. 6 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం, 8 అడుగుల పొడవున్న చెక్క సరిగ్గా ఒక ఘనపుటడుగు. కొలిచేటప్పుడు తెల్లచెక్కనూ, బీట తీసిన కొసలనూ కలిపి కొలుస్తున్నారా, తీసేసి కొలుస్తున్నారా అని ముందే అడిగితే ధరలోని అసలు తేడా బయటపడుతుంది.

వానాకాలంలో బిగిసే తలుపు

శ్రావణ మాసంలో తలుపు గడియ పడదు. వేసవిలో అదే తలుపు రెక్కల మధ్య సందులోంచి వెలుతురు కనిపిస్తుంది. వడ్రంగిని తిట్టుకునే ముందు చెక్క స్వభావం తెలుసుకోవాలి. చెట్టు కొట్టినా, పలకగా కోసినా, పాలిష్ పట్టినా చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటూ వదులుతూనే ఉంటుంది. పీల్చినప్పుడు ఉబ్బుతుంది, వదిలినప్పుడు కుంచించుకుంటుంది.

పచ్చి చెక్కలో తేమ దాదాపు 30 శాతానికి దిగేదాకా కొలతల్లో మార్పు రాదు. అంతకంటే ఆరుతున్నప్పుడే ముడుచుకోవడం మొదలవుతుంది. అదీ అన్ని వైపులా ఒకేలా ఉండదు. పొడవునా దాదాపు ఏమీ ఉండదు. చెట్టు నడిమి నుంచి బెరడు వైపుకు కొంత ఉంటుంది. వలయాల చుట్టూ సుమారు దానికి రెట్టింపు ఉంటుంది. ఈ తేడా వల్లనే పలకలు దోనెలా వంగుతాయి, మెలి తిరుగుతాయి. పూర్తిగా ఆరేసరికి టేకు వలయాల వెంట సుమారు 5 శాతం, నడిమి నుంచి బయటికి సుమారు రెండున్నర శాతం తగ్గుతుంది. గట్టి కలపల్లో ఇది చాలా తక్కువ కిందే లెక్క. అడుగు వెడల్పున్న పలక ఒక్క శాతం కుంచించుకున్నా 3 మిల్లీమీటర్లు పోతుంది. తలుపు సందు తెరుచుకోవడానికి అది చాలు.

దాదాపు 190 కిలోమీటర్ల తీరం ఉన్న శ్రీకాకుళం జిల్లాలో తేమ సంగతి మరీ ముఖ్యం. కళింగపట్నంలోనో భావనపాడులోనో ఉండే ఇంటి గాలి వేరు, కొండల దాపున ఉండే సాలూరు గాలి వేరు. ఎండు ప్రాంతంలో తయారై ఏసీ షోరూంలో నిలబడిన బల్ల సముద్రం పక్కింటికి వచ్చాక కొన్నాళ్లు కదులుతుంది. మంచి వడ్రంగి ఆ కదలికకు చోటు వదులుతాడు. తలుపు నడిమి పలకను చట్రానికి మేకులతో బిగించేయడు, గాడిలో కూర్చోబెట్టి వదిలేస్తాడు. పలక ఉబ్బినా ముడుచుకున్నా గాడిలోనే ఆడుతుంది, చట్రం పగలదు.

తీరప్రాంతంలో ఇనుప మేకు ఇంకో చిక్కు తెస్తుంది. ఉప్పుగాలికి తుప్పు పట్టడం ఒకటి. తుమ్మ, మద్ది లాంటి కషాయగుణమున్న కలపల్లో ఇనుము, తడి కలిస్తే మేకు చుట్టూ నల్లటి మరక పాకడం ఇంకొకటి. స్టెయిన్‌లెస్ స్టీలు మరలు, ఇత్తడి మరలు వాడితే ఈ రెండూ తప్పుతాయి.

ఎన్నాళ్లు ఆరాలి? నీడలో, గాలి ఆడేలా పేర్చి ఆరబెడితే అంగుళం మందానికి ఏడాది పడుతుందని వడ్రంగుల పాత లెక్క. కిల్న్ గదుల్లో వేడిగాలితో ఆరబెడితే కొన్ని వారాల్లో అవుతుంది. సూదులు గుచ్చి తేమ చూపించే చిన్న మీటర్లు ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. పెద్ద మొత్తం పెట్టి ఇంటి తలుపులు చేయించుకునేవాళ్లు అలాంటిది ఒకటి చేతిలో ఉన్నవాణ్ణి వెంట తీసుకెళ్తే మంచిది.

మన చుట్టూ ఉన్న చెట్లు

ఉత్తరాంధ్ర ఇళ్లలో ఒకప్పుడు టేకు ఒక్కటే ఉండేది కాదు. ఇంటిలో ఒక్కో చోట ఒక్కో చెట్టు కనిపించేది.

పెంకుటింటి పైకప్పుకు తాటి దూలాలు, తాటి వాసాలు. మామూలు మానులో గట్టిదనం నడిమిలో ఉంటే, తాటికి అంచున ఉంటుంది. లోపలంతా మెత్తని బెండు. అందుకే తాటిమానును నిలువునా చీల్చి, లోపలి మెత్తదనం తీసేసి, నల్లటి అంచునే వాడతారు. బరువు మోయడంలో దానికి తిరుగులేదు. బల్లలకూ బీరువాలకూ మాత్రం పనికిరాదు.

ద్వారబంధాలకు వేప, ఏగిస, మద్ది. వేప చేదు పురుగును దగ్గరికి రానివ్వదు. బట్టలూ ధాన్యమూ దాచే పెట్టెలకు అది నమ్మకమైన కలప. సరిగ్గా ఆరకపోతే మెలి తిరగడమే దాని లోపం. ఏగిస గట్టిది, పసుపు కలిసిన గోధుమ రంగులో అందంగా ఉంటుంది. ఈ చెక్కతో చేసిన గ్లాసులో నీళ్లు పోసి ఉంచితే కాసేపటికి రంగు దిగుతుంది. మధుమేహం ఉన్నవాళ్ల కోసమని బజారులో అమ్మే చెక్క గ్లాసులు ఇవే. తడి తగిలితే రంగు వదిలే గుణం ఉంది కాబట్టి ఏగిసతో చేసిన కుర్చీకి గట్టి పూత వేయకపోతే తెల్లబట్టలకు మరక అంటుతుంది.

గుగ్గిలం కొండ మనిషికి తెలిసిన చెట్టు. దాని బంకే పూజలో వేసే గుగ్గిలం. ఉత్తర భారతం నుంచి ఒడిశా మీదుగా దిగివచ్చిన ఈ అడవి తూర్పు కనుమల్లో మన ఉత్తరాంధ్ర కొండల దగ్గరే ఆగిపోతుంది. రైలు పట్టాల కింద స్లీపర్లుగా దశాబ్దాలు బరువు మోసింది గుగ్గిలమే. దూలాలకూ స్తంభాలకూ దిట్టం. ఆరేటప్పుడు బీటలు తీస్తుంది కాబట్టి సన్నపని ఉన్న ఫర్నిచర్‌కు కుదరదు. నల్లతుమ్మది మరో రకం గట్టిదనం. దెబ్బకూ రాపిడికీ తట్టుకుంటుంది. బండి చక్రాలు, నాగళ్లు చేసింది దానితోనే. మంచం కోళ్లకూ, రోజూ ఈడ్చే పీటలకూ ఇప్పటికీ బాగుంటుంది.

మామిడి చవక. పండ్ల పెట్టెలకూ చవక తలుపులకూ వాడతారు. చూడ్డానికి బాగుంటుంది, పాలిష్ బాగా పడుతుంది. పురుగుకు మాత్రం ఇట్టే లొంగిపోతుంది. కోసిన వెంటనే బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడితే ఆ లోపం చాలావరకు పోతుంది. మామిడి బల్ల కొనేటప్పుడు అడగాల్సింది ధర ఒక్కటే కాదు, మందు పట్టించారా అని కూడా. కొన్నాళ్లకు బల్ల కింద పసుపుపచ్చని సన్నటి పొడి రాలుతుంటే లోపల పురుగు తొలుస్తోందని అర్థం.

ఇక పనస. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటల్లో కొబ్బరికీ జీడికీ తోడుగా పెరిగే చెట్టు. కోసినప్పుడు చేవ నిండు పసుపు రంగులో ఉంటుంది. వెలుతురు తగిలేకొద్దీ కొన్నేళ్లలో ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ పసుపు ఎంత గాఢమైనదంటే ఆగ్నేయాసియా దేశాల్లో బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు పనస చెక్కతో రంగు వేసేవారు. పనసకు చెదలు అంత సులువుగా పట్టవు. వీణ చేయగల కలప కుర్చీకి పనికిరాదా? బాగా పనికివస్తుంది. కేరళ పాత ఇళ్లలో పనస తలుపులూ మంచాలూ చాలా ఉన్నాయి. మన దగ్గర చాలామంది దాన్ని పండు కోసం తప్ప కలప కోసం చూడరు.

నీళ్లకు ఉబ్బే పలకలు

ఇప్పుడు దుకాణాల్లో సగం వస్తువులు అసలు చెక్కవి కావు. ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు మీద చెక్క బొమ్మ ఉన్న పొర అంటించినవి. ప్లైవుడ్‌లో పలుచటి చెక్క పొరలను ఒకదానికొకటి అడ్డంగా పెట్టి జిగురుతో అతికిస్తారు. ఒక పొర కదలబోతే పక్క పొర పట్టుకుంటుంది. అందుకే పెద్ద వెడల్పుల్లోనూ అది పెద్దగా వంకర పోదు. ఇది చెక్కకు తక్కువదేమీ కాదు. అల్మారా వెనక పలకకూ, మంచం అడుగు పలకకూ అసలు చెక్క కంటే ఇదే మేలు.

చూడాల్సింది జిగురు రకం. ప్లైవుడ్ పలక మీద ముద్ర ఉంటుంది. ఐఎస్ 303 అంటే మామూలు వాడకానికి. అందులోనే కొంత తేమను మాత్రమే తట్టుకునే ఎంఆర్ రకం, మరుగునీటిని తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం ఉన్నాయి. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లైవుడ్. వంటింటి గట్టు కింద, స్నానాల గది పక్కన ఎంఆర్ పెడితే రెండు మూడు వానాకాలాల్లో పొరలు విడిపోతాయి. పార్టికల్ బోర్డు చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసింది. ఒక్కసారి అంచులోంచి నీరు దిగితే ఉబ్బుతుంది, ఆరినా పాత మందానికి రాదు. తీరప్రాంతంలో దాన్ని కొంటే నాలుగు అంచులకూ పట్టీ సరిగ్గా అంటించి ఉందో లేదో తడిమి చూడాలి.

పూత చేసే పని

కలప ఎంచుకున్నాక సగం పని మిగిలే ఉంటుంది. పూత అందం కోసమని చాలామంది అనుకుంటారు. దాని మొదటి పని తేమ రాకపోకలను నెమ్మదింపజేయడం. ఏ పూతా చెక్క కదలికను పూర్తిగా ఆపలేదు. ఒక్కసారిగా ఉబ్బకుండా, ఒక్కసారిగా ఎండకుండా చూస్తుంది. ఇక్కడే వడ్రంగులు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. బల్ల పైముఖానికి నాలుగు కోట్లు వేసి, అడుగును పచ్చిగా వదిలేస్తారు. పైన తేమ ఆగుతుంది, కింద దిగుతుంది. పలక వంగుతుంది. కంటికి కనబడని అడుగుకూ, వెనకకూ ఒక కోటయినా వేయించుకోవాలి.

మన ప్రాంతంలో అన్నిటికంటే పాత పూత లక్క. ఇప్పటి అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో దాని పనితనం చూడొచ్చు. అక్కడి బొమ్మలకు వాడేది అంకుడు చెక్క. తెల్లగా, మెత్తగా, సన్నటి నారతో ఉంటుంది. తిరుగుతున్న బొమ్మ మీద రంగు లక్క కడ్డీని ఒత్తితే రాపిడి వేడికే లక్క కరిగి చెక్కను పట్టుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో ఒత్తి తుడిస్తే అద్దంలా మెరుస్తుంది. చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన సహజ రంగులను అక్కడ మళ్లీ వాడకంలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు ఏ పూత తగునో ఆ ఊరు చూపిస్తుంది.

కొమ్మల మీద గుంపులుగా బతికే చిన్న పురుగు స్రవించే బంకే ఈ లక్క. దాన్ని స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ఉండతో పూస్తే వడ్రంగులు స్పిరిట్ పాలిష్ అనేది వస్తుంది. చెక్క రంగును లోపలి నుంచి వెలిగించినట్టు చూపించడంలో దానికి సాటి లేదు. గీత పడితే ఆ మేరకే మళ్లీ పూసుకోవచ్చు. వేడికీ నీళ్లకూ మాత్రం ఓర్చుకోదు. వేడి టీ గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది. కాబట్టి పూజగది తలుపుకూ, పుస్తకాల బీరువాకూ, ఊయల బల్లకూ సరిపోతుంది. భోజనాల బల్లకు సరిపోదు.

భోజనాల బల్లకు పీయూ పాలిష్ మేలు. రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పాలియురేథేన్ పూత ఇది. నీటికీ గీతకూ బాగా తట్టుకుంటుంది. ఖరీదెక్కువ, గన్‌తో కొట్టాలి, దుమ్ము లేని చోటు కావాలి. మెలమైన్ పాలిష్ స్పిరిట్ పాలిష్‌కూ పీయూకూ మధ్యస్థం. గట్టిగా ఉంటుంది, ధర తక్కువ. వేసిన కొన్నాళ్లు ఘాటు వాసన వస్తుంది కాబట్టి పసిపిల్లలుండే గదిలో పెట్టేముందు గాలికి వదలాలి. పీయూ, మెలమైన్ పొర ఒకసారి లేచిందంటే ఆ మేర మాత్రమే బాగుచేయడం కష్టం, మొత్తం గీకాల్సి వస్తుంది.

పొరగా నిలబడకుండా లోపలికి ఇంకే పూతలు ఇంకో జాతి. అవిసె నూనె వాటిలో పాతది. గుడ్డతో పట్టించి, మిగులు తుడిచేస్తే చాలు. ఏడాదికోసారి మళ్లీ పట్టించాలి. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పితే ప్రాణాల మీదికి వస్తుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేస్తే, ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకోగలవు. వాటిని నీళ్లలో ముంచాలి, లేదా ఆరుబయట విప్పి ఆరేయాలి.

పలాస వైపు వాళ్లకు తెలిసిన పూత ఇంకొకటుంది. జీడిపిక్క పెంకులోని నల్లటి నూనె. పడవలకూ, నేలను తాకే కలపకూ పట్టిస్తే చెదలు దూరంగా ఉంటాయి. పచ్చి నూనె చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది, జీడి కొట్టే చేతులే అందుకు సాక్ష్యం. దూలాలకూ, కంచె గుంజలకూ సరే, కూర్చునే కుర్చీకి కాదు.

ఏ పూతయినా కిందనున్న చెక్క నునుపును బట్టే నిలుస్తుంది. గరుకు కాగితం 120 నంబరుతో మొదలుపెట్టి 180, ఆపైన 220, చివర 320 దాకా వెళ్లాలి. ఎప్పుడూ నార వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు అప్పటికి కనిపించవు, రంగు పట్టగానే అన్నీ బయటపడతాయి. ముసురు పట్టిన రోజున స్పిరిట్ పాలిష్ చేయించకూడదు. స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు చెక్క ముఖం చల్లబడి గాలిలోని తేమ దాని మీద పడుతుంది, పూత పాలు పోసినట్టు తెల్లబారుతుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నవాళ్లు పాలిష్ పనిని ఎండలున్నప్పుడే ముగించుకుంటే ఈ బాధ ఉండదు.

కూలిన చెట్టు, కూల్చిన ఇల్లు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు కుప్పలుగా కూలాయి. తరాల తోటలు ఒక్క రాత్రిలో పోయిన కుటుంబాలకు కలప గురించి ఆలోచించే స్థితి ఉండదు. అయినా కూలిన ముదురు పనస వంటచెరకు కిందో, కారుచవకగానో పోవడం చూస్తే మనసు ఒప్పదు. కూలిన చెట్టును వారాల్లోపే పలకలుగా కోయించి, రెండు కొసలకూ రంగో మైనమో పూసి, పలకకూ పలకకూ మధ్య సన్నటి పుల్లలు పెట్టి, నీడలో పేర్చితే అది కలపగా మిగులుతుంది. దుంగను అలాగే వానలో వదిలేస్తే పురుగు దిగుతుంది, కొసల నుంచి బీటలు పాకుతాయి. జాతిని బట్టి కొట్టడానికీ తరలించడానికీ అటవీ శాఖ అనుమతి కావాలో లేదో ముందే కనుక్కోవాలి. సొంత పెరట్లో పెరిగినా టేకుకు అనుమతి తీసుకోవాల్సిందే.

ఇంకో కలప గని ఊళ్లలోనే ఉంది. పెంకుటిళ్లు తీసి స్లాబు వేస్తున్నప్పుడు పాత దూలాలు, ద్వారబంధాలు, తలుపులు, మంచం పట్టెలు వచ్చిన ధరకు అమ్మేస్తున్నారు. యాభై అరవై ఏళ్లు ఇంటి పైకప్పు కింద ఆరిన కలప అది. ఆరేటప్పుడు కదలాల్సిందంతా ఎప్పుడో కదిలేసింది. కొనేముందు నేలనూ గోడనూ తాకిన కొసలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. మెత్తగా దిగితే అంతవరకు కోసి పారేయాలి. దాగిన మేకుల కోసం అయస్కాంతంతో తడమాలి, ఒక్క మేకు చాలు రంపం పళ్లు విరగడానికి.

ఆ తర్వాత చిత్రిక పట్టడమే. పొగ, దీపం మసి, ఏళ్ల తరబడి పట్టించిన నూనె కలిసి దూలం మీద నల్లటి పొర కట్టి ఉంటాయి. రెండు మూడు తోపులకు అది పొట్టుగా రాలిపోయి, కింద టేకయితే తేనె రంగు, పనసయితే ఎర్రటి గోధుమ రంగు తేలుతుంది. ఎనిమిది అడుగుల పాత దూలంలోంచి ఒక నులకమంచానికి నాలుగు కోళ్లు, పిల్లలకు రెండు పీటలు వస్తాయి.